హ్యాష్‌టేబుల్‌లో చిన్న టీ

జావా ఇంటర్వ్యూకి వెళ్ళినవాళ్ళలో ఈ ప్రశ్న ఎదురవ్వని వాళ్ళు అరుదు: "వెక్టర్‌కీ అర్రేలిస్ట్‌కీ తేడా ఏంటి?" జవాబు కూడా అందరికీ కంఠతా వచ్చు. వెక్టర్ సింక్రనైజ్డ్, అర్రేలిస్ట్ కాదు. అమీర్‌పేట నోట్సుల్లో ఇంతే ఉంటుంది, అడిగేవాళ్ళూ అంతటితో తృప్తిపడి తరవాతి ప్రశ్నకి వెళ్ళిపోతారు. అసలు ఒకే పనికి రెండు క్లాసులు ఎందుకున్నాయని మాత్రం ఎవరూ అడగరు. నన్నడిగితే అడగాల్సిన ప్రశ్న అదే. దానికి జవాబు థ్రెడ్లలో లేదు, చరిత్రలో ఉంది.

1996 జనవరిలో సన్ కంపెనీ జావా 1.0 విడుదల చేసినప్పుడు, డేటాని ఓ చోట గుంపుగా పెట్టుకోవడానికి అందులో ఉన్నవి వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని క్లాసులే. వెక్టర్, స్టాక్, హ్యాష్‌టేబుల్, ఇంకో ఒకటీ రెండూ. వాటిల్లో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా చూసుకోడానికి ఎన్యూమరేషన్. వీటి మధ్య వావీ వరసా ఏమీ లేదు. వెక్టర్‌లో ఒకటి చేర్చాలంటే యాడ్‌ఎలిమెంట్ అనాలి, హ్యాష్‌టేబుల్‌లో అయితే పుట్ అనాలి. స్టాక్‌ని ఏకంగా వెక్టర్‌కి వారసుడిని చేశారు. దాంతో పైనుంచి మాత్రమే తియ్యాల్సిన దొంతరలో మధ్యలో చెయ్యి పెట్టి లాగెయ్యొచ్చు!

హ్యాష్‌టేబుల్ సంగతి ఇంకా తమాషా. ఇంగ్లీషులో ఆ పేరు రాసేటప్పుడు టీ చిన్నక్షరం. జావా ఆనవాయితీ ప్రకారం రెండో మాట పెద్దక్షరంతో మొదలవ్వాలి కదా, తరవాత వచ్చిన హ్యాష్‌మ్యాప్‌లో ఎమ్ అలాగే ఉంటుంది. ఇందులో మాత్రం లేదు. ఒకసారి జనం ఆ పేరుతో కోడ్ రాసేశాక ఒక్క అక్షరం మార్చినా వాళ్ళ ప్రోగ్రాములు కంపైల్ అవ్వవు, అందుకని ఆ చిన్న టీ ఇప్పటికీ అలాగే ఉంది. (మైక్రోసాఫ్ట్ వాళ్ళ డాట్‌నెట్‌లో ఉన్న హ్యాష్‌టేబుల్‌కి కూడా చిన్న టీయే. ఎందుకో మీరే ఊహించుకోండి :) )

ఇలా వదిలేస్తే పెరిగే కొద్దీ కంపవుతుందని సన్‌లో జాషువా బ్లాక్ మొత్తం కొత్తగా డిజైన్ చేశాడు. అదే 1998 డిసెంబరులో జావా 1.2 తో వచ్చిన కలెక్షన్స్ ఫ్రేమ్‌వర్క్. లిస్ట్, సెట్, మ్యాప్ అనే ఇంటర్‌ఫేసులు, వాటికింద అర్రేలిస్ట్, హ్యాష్‌మ్యాప్ లాంటి క్లాసులు. ఇక్కడ ఆయన ముందు రెండు దారులున్నాయి. పాత పేర్లనే సాగదియ్యడం ఒకటి, కొత్త పేర్లు పెట్టి పాతవాటిని పక్కన ఉండనివ్వడం రెండోది. ఎన్యూమరేషన్‌లో మెథడ్ల పేర్లు హ్యాజ్‌మోర్‌ఎలిమెంట్స్, నెక్స్ట్‌ఎలిమెంట్. రోజుకి వందసార్లు టైపు చేసే పేర్లు ఇంత పొడుగ్గా ఉండటం దురదృష్టమనీ, ఎలాగూ కొత్తగా కడుతున్నప్పుడు పేర్లు బాగుచేసుకునే అవకాశం వదులుకోవడం తెలివితక్కువనీ సన్ వాళ్ళు డిజైన్ గురించిన ప్రశ్నలూ జవాబుల్లో రాసుకున్నారు. అలా హ్యాజ్‌నెక్స్ట్, నెక్స్ట్ అనే పొట్టి పేర్లతో ఇటరేటర్ పుట్టింది.

మరి పాతవాటిని ఏం చేశారు? తీసేస్తే లోకంలో ఉన్న జావా ప్రోగ్రాములన్నీ ఆగిపోతాయి. అందుకని వెక్టర్‌ని కూడా లిస్ట్ కుటుంబంలో కలిపేశారు. అప్పట్నించీ ఆ క్లాసులో ప్రతి పనికీ రెండేసి పేర్లు: ఎలిమెంట్‌యాట్, గెట్. రిమూవ్‌ఆల్‌ఎలిమెంట్స్, క్లియర్. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారినా సర్టిఫికెట్లలో పాత పేరే ఉండిపోయినట్టు. ఇంతవరకూ నాకు అభ్యంతరం లేదు. కానీ వెక్టర్‌కీ స్టాక్‌కీ "డెప్రికేటెడ్" ముద్ర వెయ్యకపోవడం మాత్రం పొరపాటే అంటాను. అంతకు ముందే, 1.1 లోనే, డేట్ క్లాసులో చాలా మెథడ్లకి ఆ ముద్ర వేసినవాళ్ళు వీటిని ఎందుకు వదిలేశారు? ముద్ర వేస్తే పాత కోడ్ ఏమీ ఆగిపోదు, కంపైలర్ ఓ హెచ్చరిక ఇస్తుంది, అంతే. అది లేకపోబట్టే ఈనాటికీ కొత్తగా నేర్చుకునే పిల్లలు ఆ క్లాసుల్ని కూడా బట్టీ పడుతున్నారు.

మంచి పేరు పెట్టినా బాధలు తప్పలేదు. లిస్ట్ అనే పేరు అప్పటికే జావాలో ఉంది, ఏడబ్ల్యూటీలో స్క్రీన్ మీద కనపడే జాబితాకి. ఏడబ్ల్యూటీనీ యుటిల్‌నీ రెంటినీ చుక్క పెట్టి ఇంపోర్ట్ చేసుకుని లిస్ట్ వాడిన ప్రోగ్రాములు 1.2 లో కంపైల్ అవ్వడం మానేశాయి. ఏ లిస్ట్ కావాలో తేల్చుకోమంది కంపైలర్.

2004 సెప్టెంబరులో జావా 5 వచ్చింది. అందులో ఈనమ్ అన్నది కీవర్డ్ అయిపోయింది. ఎన్యూమరేషన్ అనేది పెద్ద పేరు కదా, చాలామంది ఆ వేరియబుల్‌కి ముద్దుగా పెట్టుకున్న పేరు సరిగ్గా అదే! ఎంత కోడ్ ఒక్కసారిగా ఎర్రబడి ఉంటుందో ఆలోచించండి. కంపైలర్‌కి సోర్స్ 1.4 అని చెప్పి నెట్టుకొచ్చినవాళ్ళు కొందరు. అపాచీ కామన్స్ లాంగ్‌లో అయితే ఓ ప్యాకేజీ పేరే ఈనమ్, దాన్ని 2.1 లో ఈనమ్స్ అని మార్చుకోవాల్సొచ్చింది.

అదే విడుదలలో జెనరిక్స్. ఇక్కడ డాట్‌నెట్ వాళ్ళది వేరే దారి. 2005లో పాత క్లాసుల్ని అలాగే ఉంచి, జెనరిక్స్ కోసం వేరే నేమ్‌స్పేసులో కొత్త లిస్టూ కొత్త డిక్షనరీ కట్టుకున్నారు. జావా వాళ్ళు పాత అర్రేలిస్ట్‌నే ఉంచి, టైపు సమాచారం కంపైల్ అయ్యాక చెరిపేసేలా చేశారు. దానివల్ల పాత కోడూ కొత్త కోడూ ఒకే లిస్టుని పంచుకోగలిగాయి. రన్ అవుతున్నప్పుడు మాత్రం ఆ లిస్టు దేని లిస్టో దానికే తెలీదు. ఈ బేరం మంచిదా కాదా అని ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు.

జావా 5 లోనే డగ్ లీ రాసిన కాంకరెంట్‌హ్యాష్‌మ్యాప్ వచ్చింది. అందులో కంటెయిన్స్ అనే మెథడ్ ఉంది చూశారా? అది కీ ఉందా అని వెతకదు, వాల్యూ ఉందా అని వెతుకుతుంది. చూడగానే తప్పుదారి పట్టించే పేరు. ఆ తప్పు హ్యాష్‌టేబుల్‌ది. దాని స్థానంలో వాడేవాళ్ళకి ఇబ్బంది కలగకూడదనే ఒకే ఒక్క కారణంతో, ఆ సంగతి డాక్యుమెంటేషన్‌లో ఒప్పుకుంటూ మరీ, కొత్త క్లాసులో కూడా పెట్టారు. తాత చేసిన అప్పు మనవడు తీరుస్తున్నాడన్నమాట.

2014లో జావా 8 డిఫాల్ట్ మెథడ్స్ తెచ్చాక ఇంటర్‌ఫేసుల్లో కొత్త మెథడ్లు చేర్చడం తేలికైంది. అంతకు ముందు లిస్ట్‌కి ఒక్కటి చేరిస్తే, లోకంలో లిస్ట్‌ని సొంతంగా రాసుకున్న ప్రతివాడి కోడూ కంపైల్ అవ్వడం మానేసేది. స్ట్రీమ్స్ లాంటివి వచ్చింది ఆ దారిలోనే.

అయినా లిస్టులో చివరిదాన్ని ఇమ్మని అడగడానికి ఓ పేరు రావడానికి 2023 దాకా పట్టింది. అప్పటిదాకా సైజులోంచి ఒకటి తీసేసి గెట్ అనడమే. డెక్‌లో గెట్‌లాస్ట్ ఉంది, సార్టెడ్‌సెట్‌లో లాస్ట్ ఉంది, లిస్ట్‌లో ఏదీ లేదు. జావా 21 లో డెక్ పేర్లనే అందరికీ ఖాయం చేశారు. గెట్‌లాస్ట్‌తో పాటు రిమూవ్‌ఫస్ట్, రిమూవ్‌లాస్ట్ కూడా లిస్ట్‌లోకి వచ్చాయి.

ఇక ఆ పేర్లు ఖాళీగా ఉన్నాయా అంటే, లేవు. కోట్లిన్ వాళ్ళు ఈ రిమూవ్‌ఫస్ట్, రిమూవ్‌లాస్ట్‌లని ఎక్స్‌టెన్షన్ ఫంక్షన్లుగా ముందే ఇచ్చేసి ఉన్నారు. కోట్లిన్‌లో ఒకే పేరుతో క్లాసు సొంత మెథడూ ఎక్స్‌టెన్షనూ ఉంటే సొంతదే గెలుస్తుంది. 2024లో ఆండ్రాయిడ్ 15 వచ్చాక, యాప్‌లో ఒక్క లైనూ మార్చకుండా కంపైల్ ఎస్‌డీకే మాత్రం 35 చేసుకున్నవాళ్ళ కోడ్, చడీచప్పుడూ లేకుండా కొత్త జావా మెథడ్‌ని పిలవడం మొదలెట్టింది. డెవలపర్ చేతిలో ఉన్న కొత్త ఫోన్లో బానే నడుస్తుంది. ఆండ్రాయిడ్ 14, అంతకన్నా పాత ఫోన్లలో ఆ మెథడే లేదు కాబట్టి నోసచ్‌మెథడ్ ఎర్రర్‌తో యాప్ పడిపోతుంది. దీనికి గూగుల్ చెప్పిన మందు: రిమూవ్‌ఫస్ట్ బదులు రిమూవ్‌యాట్ సున్నా, రిమూవ్‌లాస్ట్ బదులు రిమూవ్‌యాట్ లాస్ట్‌ఇండెక్స్ అని రాసుకోండి.