తెర మీదికి ఆడవాళ్ళు వచ్చిన దారి

1913లో విడుదలైన ‘రాజా హరిశ్చంద్ర’ను దాదాసాహెబ్ ఫాల్కే తలపెట్టినప్పుడు తారామతి వేషానికి ఒక్క ఆడమనిషీ ముందుకు రాలేదు. సినిమా పరువుగలవాళ్ళు చేసే పని కాదన్న రోజులవి. చివరికి హోటల్లో పనిచేసే అన్నా సాలుంకే అనే కుర్రాడికే చీర కట్టించారు.

ఆ ఏడే ‘మోహినీ భస్మాసుర’తో దారి తెరుచుకుంది. భర్తకు దూరమై కూతుర్ని సాకుతున్న దుర్గాబాయి కామత్ పార్వతి అయింది, కూతురు కమలాబాయి మోహిని అయింది. ఆ తర్వాతా కులీన కుటుంబాల గడపలు చాలాకాలం తెరుచుకోలేదు. మద్రాసులో రఘుపతి ప్రకాశ్ తీసిన ‘భీష్మప్రతిజ్ఞ’లో గంగ వేషం పెగ్గీ కాస్టెల్లోది. పేరే చెబుతోంది, ఆమె తెలుగింటి ఆడపడుచు కాదని.

బొంబాయిలో టెలిఫోన్ ఆపరేటరుగా ఉన్న యూదు యువతి రూబీ మయర్స్ ‘సులోచన’ పేరుతో మూకీల మహారాణి అయింది. ‘వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే’ (1927)లో ఒక్కతే ఎనిమిది వేషాలు వేసింది. 1931లో ‘ఆలం ఆరా’తో తెరకు మాట వచ్చింది. హిందుస్తానీ సరిగా పలకలేని సులోచన కొంతకాలం ఆగి, భాష నేర్చుకుని మళ్ళీ వచ్చింది. అయినా క్రమంగా చిన్న వేషాలే మిగిలాయి. 1928లో తాను అనార్కలిగా వెలిగిన కథనే 1953లో మళ్ళీ తీస్తే, అందులో సలీం తల్లి పాత్ర వేసింది. 1973లో ఫాల్కే పురస్కారం దక్కింది.

తిరువనంతపురం పి.కె. రోజీకి ఆ మాత్రమూ దక్కలేదు. జానపద నాటకాల్లో ఆరితేరిన ఈ దళిత యువతి, జె.సి. డేనియల్ తీసిన తొలి మలయాళ చిత్రం ‘విగతకుమారన్’లో నాయర్ స్త్రీగా నటించింది. దళిత స్త్రీ నాయర్ వేషం కట్టడమా అంటూ జనం మండిపడ్డారు, తెర మీదికి రాళ్ళు రువ్వారు. ఆమె ఇల్లు తగలబెట్టారు. రోజీ ఊరు విడిచి తమిళనాడు చేరి, పేరు మార్చుకుని, నటన ఊసెత్తకుండా బతికింది.

కేరళ ప్రభుత్వం ఇచ్చే అత్యున్నత సినీ పురస్కారానికి డేనియల్ పేరుంది. అది న్యాయమే. అయితే ఆ సినిమాకు అందరికంటే ఎక్కువ మూల్యం చెల్లించింది రోజీ. మన సినిమా పుట్టుక చెప్పేటప్పుడు కెమెరా వెనక నిలిచినవాళ్ళతో పాటు ఈ ఆడవాళ్ళ పేర్లూ పాఠాల్లోకి ఎక్కాలి.