పొగబండి

మన పెద్దలు రైలును పొగబండి అనుచుండెడివారు. పండితులు దానినే ధూమశకటమని సంస్కృతీకరించిరి. బండిని నడిపినది ఆవిరి. పేరు మాత్రము పొగకు దక్కినది. ఇది తెలియక చేసిన పొరపాటని నవ్వువారు కలరు. ఆ నవ్వు న్యాయమేనా యని విచారింతము.

మన దేశమున ప్రయాణికుల రైలు మొదట నడచినది 1853 ఏప్రిల్ 16న, బొంబాయి నుండి ఠాణాకు. దక్షిణమున 1856 జూలై 1న మద్రాసులోని రాయపురము నుండి వాలాజా రోడ్డుకు నడచినది. ఈ కొత్త వాహనమునకు ప్రతి భాషయు తనకు తోచిన పేరు పెట్టుకొన్నది. తమిళులు పుగైవండి అనిరి, అదియు పొగబండియే. మలయాళుల తీవండియు, మరాఠీవారి ఆగ్‌గాడీయు నిప్పుబండ్లు. కన్నడిగుల ఉగిబండి మాత్రము ఆవిరిబండి. యంత్రమొకటే, కొందరు పొయ్యిని చూచిరి, కొందరు కాగిన నీటిని తలచిరి, తమిళులును మనమును గొట్టమును చూచితిమి.

ఆంగ్లేయులకు సైతము ఈ తడబాటు తప్పలేదు. 1712లో న్యూకొమెన్ డడ్లీ చెంత గనిలోని నీరు తోడుటకు నిలిపిన ఆవిరి యంత్రమువంటి వానిని వారు 'ఫైరింజను' అనిరి. 1769లో జేమ్సు వాట్ పొందిన పేటెంటు పేరులోను ఆ మాటయే కలదు. నేడు ఫైరింజను అనగా నిప్పు ఆర్పుటకు పరుగెత్తు వాహనము!

ఇక మన పొగ సంగతి. రైలింజనులో బొగ్గు మండి నీరు ఆవిరియగును. ఆ ఆవిరి సిలిండరులోని పిస్టనును త్రోసి, పని ముగిసిన పిమ్మట పొగగొట్టము గుండ వెడలును. ఆ వేగమునకు పొయ్యిలోని పొగయు వెంట లాగబడును. పొయ్యికి గాలి తగిలి నిప్పు రాజుకొనును. పిల్లలు అనుకరించు 'ఛుక్ ఛుక్' ఆ ఆవిరి వెడలు చప్పుడే. కావున గొట్టము నుండి లేచినది వట్టి పొగ కాదు, ఆవిరి కలిసిన పొగ. దానిని చూచి పేరిడినవారి కన్ను పూర్తిగా మోసపోలేదు.

మన బ్రాడ్ గేజి మార్గములపై ఆవిరి ఇంజనుల నిత్యసేవ 1995లో ముగిసినది. పొగ పోయినది, పొగబండి పెద్దల నోటను, పాత పుస్తకములలోను మిగిలినది. మలయాళులు విద్యుత్తుతో నడచు రైలును ఇప్పటికిని తీవండి అనియే పిలుచుచున్నారు. మనవడు "పొగ ఏది తాతా?" అని అడిగినచో మాటను దిద్దనక్కరలేదు, ఆ పొగ కథ చెప్పిన చాలును.