గుండుసూదులు, కూలిరేట్లు

అర్థశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఆడం స్మిత్ గుండుసూదుల కార్ఖానా తెలుసు. 1776లో వెలువడిన ‘జాతుల సంపద’ మొదటి అధ్యాయంలోనే అది ఉంది. తీగ సాగదీసేవాడొకడు, తిన్నగా చేసేవాడొకడు, ముక్కలు కోసేవాడొకడు, మొన తీర్చేవాడు మరొకడు. ఇలా సుమారు 18 పనులు. పదిమంది కలిసి రోజుకు 48,000 సూదులు, అంటే తలకు 4,800 చేస్తారు. పని నేర్వనివాడు ఒంటరిగా కూర్చుంటే 20 కూడా చేయలేడు. ఇందుకు స్మిత్ మూడు కారణాలు చెప్పాడు: ఒకే పనిలో చేయి తిరుగుతుంది, పనినుంచి పనికి మారే కాలం కలిసివస్తుంది, యంత్రాలు కనిపెట్టడానికి వీలవుతుంది.

పాఠం సాధారణంగా ఇక్కడితో ఆగుతుంది. ఈ కథలో మిగిలిన భాగాన్ని కూడా సంప్రదాయ అర్థశాస్త్రమే వ్రాసిపెట్టిందనీ, అది లేకుండా మొదటి భాగం అర్థం కాదనీ నా వాదన.

మిగిలిన భాగం స్మిత్ గ్రంథంలోనే మొదలవుతుంది. అదే పుస్తకం అయిదవ ఖండంలో ఆయన స్వరం మారుతుంది. జీవితమంతా ఒకటి రెండు చిన్నపనులే చేసేవాడికి బుద్ధి ఉపయోగించే అవసరమే రాదు. మనిషి ఎంత మందమతి కాగలడో అంత అవుతాడు అన్నాడు. ప్రభుత్వం పూనుకోకపోతే శ్రామిక జనానికంతటికీ ఇదే గతి అని హెచ్చరించాడు. ఇందుకు విరుగుడుగా ఊరూరా బడులు పెట్టి చదవడం, వ్రాయడం, లెక్కలు నేర్పాలన్నాడు. ఆయన గ్రంథాన్ని 1802లో ఫ్రెంచిలోకి తెచ్చిన గార్నియేకు ఆ సలహా కూడా రుచించలేదు. ప్రజలకు విద్య చెప్పడం శ్రమవిభజన సూత్రానికే విరుద్ధమని వాదించాడు. కొందరు ఆలోచించాలి, తక్కినవారు పనిచేయాలి!

రెండవ సాక్షి చార్లెస్ బాబేజ్. లెక్కలు కట్టే యంత్రాన్ని రూపొందించిన గణితవేత్త ఈయనే. కార్ఖానాలు తిరిగి చూసి 1832లో యంత్రాల గురించీ, వస్తూత్పత్తి గురించీ ఒక గ్రంథం ప్రకటించాడు. స్మిత్ సూదులను లెక్కపెడితే, బాబేజ్ కూలిని లెక్కపెట్టాడు. ఆయన పట్టికలోని పదిమందిలో నలుగురు పురుషులు, నలుగురు స్త్రీలు, ఇద్దరు పిల్లలు. సూదులకు తగరపు పూత వేసే పురుషుడికి రోజుకు 6 షిల్లింగులు. తల అమర్చే స్త్రీకి 1 షిల్లింగు 3 పెన్నీలు. తలలు మెలిపెట్టి కోసే విభాగంలోని కుర్రవాడికి నాలుగున్నర పెన్నీలు. షిల్లింగుకు 12 పెన్నీలు కనుక, మొదటివాడి కూలి ఈ కుర్రవాడి కూలికి 16 రెట్లు.

ఇప్పుడు బాబేజ్ వేసిన ప్రశ్నను జాగ్రత్తగా గమనించాలి. 6 షిల్లింగుల పనివాడే అన్ని పనులూ ఒక్కడే చేస్తే? అదీ ఏమాత్రం ఆలస్యం లేకుండా, పదిమందికి పట్టే కాలంలోనే చేస్తాడనుకుంటే? అయినా సరే, సూదుల తయారీ ఖర్చు 3¾ రెట్లవుతుందని ఆయన లెక్క తేల్చింది. చేయి తిరగడంవల్ల, కాలం కలిసిరావడంవల్ల కలిగే లాభాన్ని పూర్తిగా పక్కన పెట్టినా విభజనవల్ల యజమానికి లాభం మిగులుతూనే ఉంది. ఎక్కడినుంచి? నేర్పు అవసరమైన కొద్దిపాటి పనిని విడదీసి దానికే ఎక్కువ కూలి ఇచ్చి, తక్కిన పనంతా చవక చేతులకు అప్పగించడంనుంచి. బాబేజ్ కూలినే నేర్పుకు కొలతగా తీసుకున్నాడు. తల అమర్చే పనికి నేర్పు తక్కువ కనుక కూలి తక్కువా, చేసేది స్త్రీ కనుక తక్కువా అనే ప్రశ్నకు ఆ పట్టికలో చోటు లేదు.

మార్క్స్ 1867లో ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో ఈ చిక్కుముడి విప్పాడు. రైతు, సాలె, దర్జీ వేరువేరు పనులు చేస్తారు. ఒక్కొక్కరూ తమ సరుకు తాము అమ్ముకుంటారు. మొన తీర్చేవాడికి అమ్ముకోవడానికి సరుకేదీ లేదు. సూది యజమానిది, కార్మికుడు అమ్మింది తన శ్రమశక్తిని. సమాజంలోని విభజనను బజారు నడిపితే, కార్ఖానాలోని విభజనను యజమాని ఆజ్ఞ నడుపుతుంది. స్మిత్ ఈ రెంటినీ ఒకే గాట కట్టాడు. అందువల్లనే యజమాని చేసిన ఏర్పాటు ప్రకృతి సహజమైనదిగా కనిపించింది. స్వయంగా రాగిపని చేసి బతికిన హారీ బ్రేవర్మన్ 1974లో బాబేజ్ సూత్రాన్ని మళ్ళీ ముందుకు తెచ్చి, ఇరవయ్యో శతాబ్దపు ఆఫీసు గుమాస్తాల పనికి కూడా అది వర్తిస్తుందని చూపాడు.

శ్రమవిభజనను నిందించడం నా ఉద్దేశం కాదు. 48,000 సూదులు నిజం. పదిమంది కలిసి పనిచేస్తే పుట్టే శక్తి నిజం. అయితే పనిని ఎవరు విడగొడుతున్నారు, ఏ చేతికి ఏ ముక్క ఇస్తున్నారు, మిగులు ఎవరికి చేరుతున్నది అనే ప్రశ్నలు కూడా అర్థశాస్త్రంలోనివే. అధ్యాపక మిత్రులకు నా సూచన ఒక్కటే. గుండుసూదుల పాఠం చెప్పిన రోజునే స్మిత్ అయిదవ ఖండంలోని ఆ పేజీనీ, బాబేజ్ కూలిపట్టికనూ విద్యార్థుల ముందు పెట్టండి. ఆ పట్టికను నల్లబల్లమీద వ్రాయడానికి పది నిమిషాలు చాలు. దానిమీద వాదన ఆ గంటలో ముగియకపోతే మరీ మంచిది.