ప్రయోగశాలలో ఎల్‌సీ3బీ: తేడా అంతా చివరి 5 అమైనో ఆమ్లాలదే

కణం తనలో పాడైన భాగాలను ఒక పొరలో చుట్టి, జీర్ణం చేసుకుని, ఆ ముడిసరుకును తిరిగి వాడుకునే ప్రక్రియే ఆటోఫజీ. తెలుగులో దీనిని స్వభక్షణ అనవచ్చు. బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి దువ్ 1963లో ఈ పేరు పెట్టారు. జపాన్‌కు చెందిన యోషినోరి ఒసుమి 1990ల ఆరంభంలో ఈస్ట్ కణాలను పరిశీలించి, ఈ ప్రక్రియను నడిపే జన్యువులను వెలుగులోకి తెచ్చారు. ఆయనకు 2016లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఉపవాసం ఉండమని చెప్పినందుకే ఆ బహుమతి వచ్చిందన్న ప్రచారం మన ఫోన్లలో తరచుగా తిరుగుతూ ఉంటుంది. అది నిజం కాదు. ఆయన పోషకాలు అందకుండా చేసింది ఈస్ట్‌కే.

ఈస్ట్‌లో ఏటీజీ8 అనే ప్రొటీన్ చేసే పనిని మానవ కణంలో ఒక చిన్న కుటుంబం పంచుకుంటుంది. అందులో పరిశోధకులు అత్యధికంగా వాడేది ఎల్‌సీ3బీ. దీని పూర్తి పేరులో మైక్రోట్యూబ్యూళ్ల ప్రస్తావనే తప్ప ఆటోఫజీ ఊసే లేదు. మెదడు కణజాలం నుంచి మైక్రోట్యూబ్యూళ్లను అంటిపెట్టుకునే ప్రొటీన్లను వేరుచేసినప్పుడు వాటి వెంట ఇది బయటపడింది. అందుకే ఆ పేరు. స్వభక్షణలో ఏర్పడే ఆటోఫాగోజోమ్ అనే సంచి పొరపై ఇది ఉంటుందని జపాన్ పరిశోధకులు 2000లో చూపారు. అసలు పని తెలిసినా పాత పేరే స్థిరపడిపోయింది.

ఎల్‌సీ3బీలో 125 అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఏటీజీ4 అనే ఎంజైమ్ చివరి అయిదింటిని కత్తిరిస్తుంది. అప్పుడు 120వ స్థానంలోని గ్లైసిన్ కొసకు వస్తుంది. ఈ రూపాన్ని ఎల్‌సీ3-1 అంటారు. ఆపై ఏటీజీ7 దానిని ఉత్తేజపరచి ఏటీజీ3కి అందిస్తుంది. ఏటీజీ12, ఏటీజీ5, ఏటీజీ16ఎల్1 కలిసిన సముదాయం తోడ్పాటుతో ఆ గ్లైసిన్ పొరలోని ఫాస్ఫాటిడిల్ ఇథనోలమైన్ అనే కొవ్వు అణువుకు అతుక్కుంటుంది. అదే ఎల్‌సీ3-2. కొవ్వు చేరినందువల్ల దీని బరువు పెరుగుతుంది, అయినా జెల్‌పై ఇది ఎల్‌సీ3-1 కంటే వేగంగా కిందికి జారుతుంది. కొత్తవారు ఈ రెండు పట్టీలను తారుమారుగా గుర్తించడానికి కారణం ఇదే.

ఈ అంచెలను కణం బయట, పరీక్షనాళికలో ఒక్కొక్కటిగా చూడాలంటే శుద్ధమైన ప్రొటీన్ కావాలి. అందుకోసం మానవ జన్యువును ఈ.కోలై బ్యాక్టీరియాలో ప్రవేశపెట్టి ప్రొటీన్‌ను తయారు చేయిస్తారు. ఇదే రీకాంబినెంట్ ప్రొటీన్. దానికి సాధారణంగా ఆరు హిస్టిడిన్‌ల ట్యాగ్ తగిలించి, నికెల్ రెసిన్‌పై పట్టి శుద్ధి చేస్తారు. బ్యాక్టీరియాలో ఆటోఫజీ యంత్రాంగం లేదు గనుక అక్కడ తయారైన ఎల్‌సీ3బీకి కొవ్వు అతకదు. ఎల్‌సీ3-2 కావాలంటే మిగతా ఎంజైములను, ఏటీపీని, కృత్రిమ కొవ్వు బుడగలను చేర్చి విడిగా చర్య జరపాలి.

సీసా కొనేముందు లేబుల్‌పై ధర కంటే ముందు చూడవలసింది ప్రొటీన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న అంకెలు. 1 నుంచి 120 అని ఉంటే అది ఏటీజీ4 అవసరం లేకుండానే ఏటీజీ7కు సిద్ధంగా ఉన్న రూపం. 125 వరకు ఉంటే ముందుగా కత్తిరింపు జరగాలి. 120వ గ్లైసిన్ స్థానంలో అలనైన్ పెట్టిన రూపమైతే పొరకు అతకదు, కాబట్టి అది ప్రతికూల నియంత్రణగా మాత్రమే పనికివస్తుంది. ట్యాగ్ ఏ కొసన ఉందన్నదీ ముఖ్యమే. చివరన ఉంటే ఏటీజీ4 ఆ అయిదింటితో పాటు దానినీ కోసేస్తుంది. ఏటీజీ4 చురుకుదనాన్ని కొలిచేవారికి అది వరం. పొరకు అతికించదలచినవారికి మాత్రం శుద్ధి చేసి తెచ్చుకున్న పట్టు అక్కడితో పోతుంది. ట్యాగ్ వల్ల పరిమాణం పెరుగుతుంది గనుక, యాంటీబాడీని సరిచూడటానికి ఈ ప్రొటీన్‌ను జెల్‌పై పెట్టినప్పుడు దాని పట్టీ కణంలోని సహజ పట్టీకి సరిగ్గా ఎదురుగా రాదు. దానిని లోపంగా భావించనక్కరలేదు.

సరుకు అందగానే చిన్న భాగాలుగా పంచి మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ వద్ద దాచడం మంచిది. పదే పదే గడ్డకట్టించి కరిగిస్తే ప్రొటీన్ ముద్దకడుతుంది.

ఈ ప్రొటీన్‌ను కణాలపై పోసినంత మాత్రాన ఆటోఫజీ పెరగదు. ఇది మందు కాదు, పరిశోధనకు మాత్రమే ఉద్దేశించినది. అసలు కణంలో ఎల్‌సీ3-2 పెరగడం కూడా స్వభక్షణ పెరిగిందనడానికి దానంతటదే రుజువు కాదు. సంచులు ఎక్కువగా తయారవుతున్నా ఆ పట్టీ చిక్కబడుతుంది, తయారైనవి లైసోజోముల్లో జీర్ణం కాక పేరుకుపోయినా చిక్కబడుతుంది. రెండింటినీ వేరుచేయడానికి బాఫిలోమైసిన్ ఏ1 గాని, క్లోరోక్విన్ గాని వాడి జీర్ణక్రియను ఆపి, ఆపకముందు, ఆపిన తరువాత పట్టీలను పోల్చాలి. ఆపిన తరువాత పట్టీ ఇంకా చిక్కబడితే ప్రవాహం సాగుతున్నట్టు. ఏ మార్పూ లేకపోతే దారి అంతకుముందే మూసుకుపోయి ఉండవచ్చు. ఏదైనా పదార్థం ఆటోఫజీని పెంచుతుందని చెప్పే నివేదికలో ఈ పోలిక కనిపించకపోతే, ఆ మాటను వార్తగా రాసేముందు కాస్త ఆగడమే మేలు.