బిడారు నుంచి బోరు దాకా: మన తండాల నేల, నీరు

ఒకప్పుడు మన పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంతా తిరిగారు. నీళ్లు, గడ్డి ఉన్నచోట నాయక్ మాట మీద మకాం వేసేవారు. గడ్డి తగ్గితే బిడారు కదిలేది, వెనక నేల మళ్లీ పచ్చబడేది. కదలికే ఆనాటి కట్టుబాటు.

రోడ్లు, రైళ్లు వచ్చాక ఎద్దుల రవాణా దెబ్బతిన్నది. బిడార్లు ఆగి తండాలయ్యాయి. షాద్‌నగర్ చుట్టుపక్కల కూడా తండాలు అలా నిలిచినవే. చెరువు కింది పొలాలు అప్పటికే ఊళ్లవి. మన వాళ్లలో చాలామందికి దక్కింది మిట్ట మీది చెలక. చెలకకు నీళ్లు కావాలంటే బోరే దిక్కయింది.

ఇక్కడ భూమి లోపల ఉన్నది గట్టి రాయి. నీరు నిలిచేది దాని పైపొరలో, పగుళ్లలోనే. ఆ పగుళ్లు ఒకదానితో ఒకటి కలిసి ఉన్న చోట ఒకరి మోటారు నడిస్తే పక్కవారి బోరు తగ్గుతుంది. అతను ఇంకా లోతుకు వేస్తాడు, అప్పుడు మొదటివాడిది ఎండుతుంది. ఇందులో ఎవరి లెక్కా తప్పు కాదు, అందరి లెక్కలు కలిసినప్పుడే నష్టం. ఇలాంటి ముడులనే సంక్లిష్టతా శాస్త్రం చదువుతుంది. ఒక్కో భాగాన్ని విడిగా చూస్తే మొత్తం అర్థం కాదని చెబుతుంది.

పరిష్కారం దిశగా ఒక అడుగు అప్పటి మన జిల్లాలోనే పడింది. 2000 తర్వాతి దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో మహబూబ్‌నగర్, నల్లగొండ సహా 7 కరువు జిల్లాల్లో రైతులే వాన కొలిచారు, బావుల్లో నీటిమట్టం రాసుకున్నారు. యాసంగికి ముందు కూర్చుని, ఉన్న నీరెంత, వేయబోయే పంటలకు కావలసిందెంత అని లెక్క కట్టారు. ఏ పంట వేయాలో ఎవరూ ఆదేశించలేదు. లెక్క అందరి కళ్ల ముందు ఉండటంతో చాలామంది వరి తగ్గించి, తక్కువ నీటి పంటల వైపు మళ్లారు.

2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. గ్రామసభ ఇప్పుడు మన చేతిలో ఉంది. చదువుకున్న యువతీయువకులారా, తండాకొక వానమాపకం, ఒక నోటుపుస్తకం చాలు. ప్రతి పదిహేను రోజులకు నీటిమట్టం రాయండి, యాసంగికి ముందు ఆ లెక్కను సభలో చదివి వినిపించండి. బిడారు ఆగినప్పుడు పోయిన కట్టుబాటును తిరిగి కట్టుకోవలసింది మనమే.