సింగరేణి హిస్సాలు: ఖీమత్ ఎంత, ఖద్ర్ ఎంత?

మన ఇళ్లలో షేర్ బజార్ మాట రాగానే పెద్దలు "అది జువ్వా" అంటారు. కుర్రాళ్లు "బ్యాంకు కన్నా నయం" అంటారు. ఆ కాగితం వెనక ఏముందన్న సవాల్ మాత్రం ఇద్దరూ వేయరు. జవాబు మన హైదరాబాద్ తారీఖ్‌లోనే ఉంది.

1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుగొన్నాడు. 1886లో నిజాం రియాసత్‌లో గనులు తవ్వే హక్కు లండన్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కింది. కాగితం మీద మూలధనం 10 లక్షల పౌండ్లు. పది పౌండ్ల చొప్పున లక్ష హిస్సాలు. అందులో 85 వేలు ఆ హక్కు సంపాదించిన వాట్సన్, స్టూవర్ట్‌ల పక్షానికి నగదు కట్టకుండానే పోయాయి. మిగిలిన 15 వేలకు పూర్తి సొమ్ము వచ్చినా లక్షన్నర పౌండ్లే!

నిజాం సర్కార్ తరఫున బేరం నడిపిన సర్దార్ అబ్దుల్ హఖ్ అవే హిస్సాలను 12 పౌండ్ల లెక్కన సర్కారీ ఖజానాతో కొనిపించాడు. అమ్మకంలో ఆయనకూ లోపాయికారీ వాటా ఉందని ఇల్జామ్ వచ్చింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది. ఆయన పదవి పోయింది.

ఇక్కడ పది పౌండ్లు కాగితం మీద రాసిన ధర. పన్నెండు బజార్ ఖీమత్. అసలు ఖద్ర్ తెలియాలంటే వేరే హిసాబ్ వేయాలి. గని ఏటా ఎన్ని టన్నులు ఇస్తుంది? ఖర్చు పోగా నఫా ఎంత? ఎన్నేళ్లు? పదేళ్ల తర్వాత చేతికొచ్చే రూపాయి ఇవాళ్టి రూపాయికి సమానం కాదు కాబట్టి దాన్ని తగ్గించి కట్టాలి. ఖత్రా ఎక్కువైతే ఇంకా తగ్గించాలి. వచ్చిన మొత్తాన్ని లక్ష హిస్సాలకు పంచాలి.

బొగ్గు నిజంగానే ఉంది. 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడింది, 1945లో హైదరాబాద్ సర్కారే దాన్ని కొనుక్కుంది. అయినా మంచి గనిని మించిన ధరకు కొంటే నుక్సానే.

ఫిఖహ్ షరాకత్‌ను కాదనలేదు. ఏం కొంటున్నామో తెలియని గరర్ బేరాన్ని కాదంది. హజ్ కోసం, బిడ్డ షాదీ కోసం దాచిన సొమ్మును ఎవరో ఫోన్‌లో పంపిన సలహా మీద పెట్టేముందు మూడు మాటలు అడగండి: ఈ కంపెనీ దేనిమీద సంపాదిస్తోంది? నా హిస్సాకు అందులో ఎంత వస్తుంది? ఇది కొనమని చెప్పేవాడికి ఏం ముడుతుంది? మూడో సవాల్ ఆ రోజు ఖజానాలో ఎవరైనా గట్టిగా అడిగి ఉంటే రయ్యత్ సొమ్ము దక్కేది.