పూవన్నెయు కండబలమును

హంగరీ దేశమున టిస్సా నదీతీరమందున్న సెగెడ్ నగరము ఎఱ్ఱమిరపకాయలకు పేరుగన్నది. 1930వ దశకారంభమున ఆ నగర విశ్వవిద్యాలయమున వైద్యరసాయనశాస్త్రాచార్యుడై యుండిన ఆల్బర్ట్ సెంట్ జ్యోర్జీ, అంతకుముందు పశువుల అడ్రినల్ గ్రంథులనుండి బహుశ్రమమీద రవ్వంత మాత్రమే రాబట్టగలిగిన సి విటమినును, ఊరి సంతలో గుట్టలు పోసి యమ్ము ఆ కాయలనుండి కిలోల కొలది తీయగలిగెను. అయితే పదార్థము శుద్ధమైనకొలది ఒక చిక్కు పొడసూపెను. సూక్ష్మరక్తనాళములు పెళుసులై చర్మము క్రింద నెత్తురు చిమ్ముటతో బాధపడు రోగికి పూర్వపు మడ్డిరసము గుణమిచ్చెను గాని, శుద్ధమైన విటమిను ఇయ్యలేదు. ఆ మడ్డిలో నున్న వేఱొక వస్తువే మందై యుండవలెనని తలచి, రుస్న్యాక్ అను వైద్యునితో గూడి ఆయన 1936లో నిమ్మయందును మిరపయందును గల ఫ్లేవనాయిడ్లను వృక్షవర్ణపదార్థములను పి విటమినుగా ప్రకటించెను.

ఆ ఫలితములు ఇతర ప్రయోగశాలలలో నిలువలేదు. 1950లో అమెరికా జీవరసాయనవేత్తలు ఆ పేరును వాడుకనుండి తొలగింపుమని సిఫారసు చేసిరి. దీనిని వట్టి పరాజయముగా నెంచుటకు నా మన సొప్పదు. అంతవరకు రంగులవారి బానలకు మాత్రమే చెందిన యీ పదార్థములకు మానవశరీరముతో సంబంధ ముండవచ్చునను ఆలోచనకు ప్రాణము పోసినది ఆ నిలువని పేరే.

రంగులవారి చరిత్ర మిగుల దీర్ఘమైనది. 18వ శతాబ్దమున ఎడ్వర్డ్ బాంక్రాఫ్ట్ అమెరికా నల్ల ఓక్ బెరడునుండి తీసిన పసుపురంగును ఇంగ్లండులోని అద్దకపువారికి పరిచయము చేసెను. ఆ రంగునకు మూలమైన క్వెర్సెటిన్ మన వంటింట పాఱవైచు ఉల్లిపాయ పైపొట్టులో సమృద్ధిగా గలదు. తెలంగాణ పల్లెలలో హోళీనాడు మోదుగుపూలను ఉడికించి చల్లుకొను నీటి వన్నెయు ఈ కుటుంబమునకు చెందినదే.

ఈ వన్నెల అణునిర్మాణమును ఛేదించు పనిలో వాల్తేరునకు గౌరవస్థానము గలదు. మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్‌వద్ద శిక్షణ పొంది వచ్చిన టి. ఆర్. శేషాద్రిగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున రసాయనశాస్త్రాచార్యులై, తమ శిష్యులతో గూడి పత్తిపూల పసుపును పరిశోధించిరి. పూరేకులను ఆల్కహాలులో నానబెట్టి సారము దీసి, దానిని స్ఫటికములుగా తేర్చి, అణువునకు గల హైడ్రాక్సిల్ శాఖలను మిథైల్ సమూహములతో కప్పి, పిమ్మట క్షారముతో ఆ యణువును విఱిచి, దొరకిన తునకలనుబట్టి మూలరూపమును నిర్ణయించుట ఆనాటి పద్ధతి. అణువుల రూపమును పటముగా గీచియిచ్చు యంత్రములు లేని యా దినములలో, ఒక్కొక్క తునక కరగు ఉష్ణోగ్రతయే వారికి ప్రధానసాక్ష్యము. 1942లో యుద్ధభయముచే విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలిపోయినను వారి కృషి ఆగలేదు.

సరిగా ఆ యుద్ధకాలముననే సెగెడ్‌లో సెంట్ జ్యోర్జీ కండరములవైపు మరలెను. కుందేటి కండనుండి తీసిన మయోసిన్ అను ప్రోటీను ద్రావణమును సన్నని గొట్టముగుండ నీటిలోనికి చిమ్మినచో అది దారమువలె గట్టిపడును. ఇలోనా బంగా మున్నగు సహచరులతో గూడి ఆయన ఆ దారముపై ఉడికించిన కండరసారమును వేయగా, ప్రాణములేని యా పోగు చూచుచుండగనే ముడుచుకొనెను. ఆ సారమందలి కీలకపదార్థము, కణములకు శక్తి నందించు ఏటీపీ. దానిని 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్కెతో గూడి కండరమునుండి వేఱుచేసినవారు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే యేట జర్మనీలో కార్ల్ లోమాన్ కూడ దానిని విడిగా కనుగొనెను. 1942లో సెంట్ జ్యోర్జీ సహచరుడగు స్ట్రౌబ్ ఆక్టిన్ అను రెండవ ప్రోటీనును పట్టుకొనుటతో, ఆ రెండును గూడినప్పుడే ముడుచుకొను శక్తి పుట్టునని తేటపడెను.

ఒకే నగరమున, ఒకే ఆచార్యుని చేతులలో, పదేండ్ల యెడమున నడచిన యీ రెండు పరిశోధనలును అప్పుడు కలిసికొనలేదు. ముదిమిలో కండ తఱుగుటను ప్రశ్నగా నెంచు అలవాటే నాటి వైద్యమునకు లేకుండుట ఇందుకు ముఖ్యకారణమని నా నమ్మకము. తాత మంచముమీదనుండి చేతులూనక లేవలేకున్న, వయసు మీదపడిన దనుకొని ఊరకుండుటయే లోకరీతి. 1989లో అమెరికా పోషకశాస్త్రజ్ఞుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్ ఆ క్షీణతకు సార్కోపీనియా యని పేరు పెట్టెను. 2016లో గాని అమెరికా వ్యాధుల పట్టికలో దానికి ప్రత్యేకసంఖ్య లభింపలేదు.

ఈలోగా ఫ్లేవనాయిడ్లపై ఆసక్తి మరల చిగిర్చెను. 1993లో, నెదర్లాండ్సులోని జుట్‌ఫెన్ పట్టణమున 65 మొదలు 84 ఏండ్లవరకు వయసుగల 805 మంది పురుషుల ఆహారమును పరిశీలించినవారు, తేనీరు, ఉల్లి, ఆపిల్ పండ్లద్వారా వీనిని అధికముగా గ్రహించినవారియందు హృద్రోగమరణములు తక్కువగా నున్నవని వెల్లడించిరి. 2009లో క్వెర్సెటిన్ తినిపించిన ఎలుకల కండరములలో, కణములకు శక్తిని తయారుచేయు మైటోకాండ్రియాల పెంపు కానవచ్చెను. ముదుసలి కండలో జరుగు కీడు పలుతెఱగులది: మైటోకాండ్రియాలు నీరసించును, అణగని మంట మందముగా రగులుచుండును, ప్రోటీనుల కూర్పును మించి విఱుపు సాగును, గాయపడిన పోగులను బాగుచేయు మూలకణములు మందగించును. ఫ్లేవనాయిడ్లు కణములోపలి సంకేతములను మార్చి వీనిలో కొన్నింటిని అణచునట్లు జంతుప్రయోగములలో తోచుచున్నది. అయితే మనము తిన్న క్వెర్సెటిన్‌ను ప్రేగులును, కాలేయమును, ప్రేగులందలి సూక్ష్మజీవులును వెంటనే రూపు మార్చివైచును. నెత్తుటిలోనికి చేరునది స్వల్పము. ఎలుకల కిచ్చిన మోతాదు కంచములోని కూరతో వచ్చునది గాదు. మనుష్యులపై జరిగిన పరీక్షలు చిన్నవి, వాని ఫలితములు ఒకదానితో నొకటి పొసగనివి. ఈనాటికి ముదిమియందు కండను నిలుపునవని ధైర్యముగా చెప్పదగినవి బరువులెత్తు వ్యాయామమును, చాలినంత మాంసకృత్తులును. ఫ్లేవనాయిడ్లు వీనికి తోడగునా యను ప్రశ్నకు సమాధానము, వందలకొలది వృద్ధులపై ఏండ్లతరబడి జరుపవలసిన పరీక్షలయందే యున్నది.